పిట్ట ముట్టేదాక

ఆ పొద్దున మానుకోట దిక్కు నుంచి మబ్బు లేచి, రఘునాథపల్లి మీదికి వచ్చి, అక్కడే ఆగిపోయింది. వాన పడదు, ఎండ రాదు. గాలి లేక తాటిమట్ట ఒక్కటీ కదలడం లేదు. రోడ్డు వెంట యాసంగి వడ్లు ఆరబోసుకున్నవాళ్ళు పరదాలు చేతుల్లో పట్టుకొని పైకి చూస్తూ నిలబడ్డారు. కప్పితే వడ్లు ఆరవు, కప్పకపోతే తడుస్తాయేమోనని భయం. ఎవరికీ ఏమీ తోచడం లేదు.

లక్ష్మీనర్సమ్మ కూడా వాకిట్లో నిలబడి పైకే చూసింది. ఆమెకు వడ్లు లేవు. పొద్దు ఎంత ఎక్కిందో చూద్దామనుకుంది. మబ్బులో పొద్దు కనబడలేదు.

"పన్నెండు కొట్టేసరికి జనగామల ఉండాలె," అంది, ఎవరితోనూ అనడం లేదన్నట్టు.

ఆమె మొగుడు కాటమయ్య అరుగు మీద కూర్చొని కల్లు సీసాకు తాటాకు బిరడా చుడుతున్నాడు. కుడిచెయ్యి ఒక్కటే పని చేస్తోంది. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ చేతికి మోచెయ్యి మడత దగ్గర నరాలు కలిపి కుట్టారు. దానితో బరువెత్తొద్దు, దాని మీద దేన్నీ బిగించి కట్టొద్దు. ఇన్నేండ్లు మోకు బిగించి తాటిచెట్లెక్కిన చెయ్యి ఇప్పుడు ఒక సీసా పట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది. పొద్దున లేవగానే లక్ష్మీనర్సమ్మ ఆ కుట్టు మీద వేళ్ళు ఆనించి చూస్తుంది. లోపల తేనెటీగ తిరిగినట్టు సన్నగా మోగాలి. మోగితే ఆ పూటకు ధైర్యం.

"నా మాట ఇనరాదయ్యా," అంది మళ్ళీ. "వాళ్ళు మనకేమైతరు? సుట్టాలా? కులపోళ్ళా? సీదా జనగామ పోదాం. తర్వాత ఒకనాడు వీలు సూస్కొని పోయి పలకరిచ్చొద్దాం."

కాటమయ్య బిరడాను బొటనవేలితో నొక్కాడు.

"వాని జాగల పండుకోవాలె," అన్నాడు. "వానికి పెట్టే కాడికి పోకుంట ఎట్ల పండుకుంట?"

అంతే. ఆయన ఒకసారి మాట అన్నాడంటే దాని మీద ఇంకో మాట పడదు. లక్ష్మీనర్సమ్మ చెప్పులు తొడుక్కుంది. సీసా తానే సంచిలో పెట్టుకుంది.

సంగతి ఇది. కాటమయ్యకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి మూడుసార్లు, ఎడమచేతి కుట్టు దగ్గర సూదులు గుచ్చి, మిషను మీద రక్తం కడగాలి. సర్కారు కార్డు ఉంది కాబట్టి మిషనుకు ఖర్చు లేదు, కానీ మిషను దొరకాలి. పేరు పెట్టుకున్న రోజున జనగామలో జాగ లేదన్నారు. వరంగల్‌లో ఉందన్నారు, అదీ రాత్రి షిఫ్టు. సాయంత్రం బస్సెక్కి పోవడం, మిషను దిగేసరికి బస్సులు అయిపోవడం, తెల్లవారేదాక బస్టాండులో సిమెంటు బల్ల మీద నడుం వాల్చడం, ఇల్లు చేరాక రోజంతా లేవకపోవడం. మిషను మీది నుంచి లేచిన మనిషి పిండి ఆరేసిన బట్టలాగ ఉంటాడు. ఒకసారి బస్సు మెట్టు మీదనే కూలబడ్డాడు. పొద్దున్నే తాగి ఎక్కాడనుకొని కండక్టరు నానా మాటలూ అన్నాడు. కాటమయ్య ఏమీ చెప్పుకోలేదు. పోనుపోను ఒక్కో పూట ఎగ్గొట్టడం మొదలుపెట్టాడు. "ఇయ్యాల బాగనే ఉన్న," అనేవాడు. మర్నాటికి మొఖం ఉబ్బేది, పండుకుంటే ఊపిరి అందేది కాదు. అక్కడి డాక్టరు లక్ష్మీనర్సమ్మను పక్కకు పిలిచి, "ఇట్లా ఎగ్గొడితే వచ్చే దసరా చూడడమ్మా," అని చెప్పాడు. మొన్న శుక్రవారం కూడా పోలేదు.

కొడుకు దిలీప్ వరికోత మిషను మీద డ్రైవరు. ఈ కాలంలో భూపాలపల్లి దిక్కు పొలాల్లో ఉంటాడు. ఫోను వస్తుంది, మనిషి రాడు.

జనగామ అయితే రోడ్డెక్కితే బస్సు. పగటి షిఫ్టు. పొద్దుగూకేసరికి ఇంట్లో పడొచ్చు.

నిన్న పూజ ఫోను చేసింది. జనగామ దవాఖానలో మిషన్లు చూసే పిల్ల. "జాగ ఖాళీ అయింది చిన్నమ్మా. రేపు సోమవారం రెండో షిఫ్టు. పన్నెండు లోపల వచ్చి బరువు చూపియ్యాలె. మీరు రాకపోతే మీ ఎనక పేరున్నోళ్ళను పిలుస్త. మల్ల నన్నేమనొద్దు."

లక్ష్మీనర్సమ్మకు కాళ్ళు నేల మీద నిలవలేదు. కాటమయ్య మాత్రం ఫోను అందుకొని, "ఎవలి జాగ బిడ్డా?" అని అడిగాడు.

పూజ గొంతు తగ్గించింది. "ఐలేశన్నది. జఫర్‌గఢ్ దిక్కాయన. నిన్న పోయిండు."

శనివారం పోయాడు కాబట్టి సోమవారం మూడోరోజు. పోయినవాడికి ఇష్టమైనవి వండి పిట్టకు పెట్టే రోజు. జఫర్‌గఢ్ పొద్దుపొడుపు దిక్కు. జనగామ పొద్దుగూకే దిక్కు. నడుమ వీళ్ళ ఊరు.

*

ఐలేశ్ ఆటో నడిపేవాడు. గొల్లోళ్ళ పిలగాడు, నలభై దాటలేదు. బీపీ ఉందని తెలిసీ గోలీలు వేసుకోలేదు. కిడ్నీలు పోయాక ఆటో తమ్ముడి చేతికిచ్చి, తల్లిని తోడు పెట్టుకొని జనగామకు బస్సులో పోయి వచ్చేవాడు. భార్య శ్వేత కూలికి పోకపోతే ఇల్లు గడవదు. వరంగల్ దగ్గరున్న మనిషి జనగామకు, జనగామ దగ్గరున్న మనిషి వరంగల్‌కు. పేరు పెట్టుకున్ననాడు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పడేశారు మరి. సాయంత్రం ఐలేశ్ తిరిగివచ్చే బస్సూ కాటమయ్య పోయే బస్సూ ఘన్‌పూర్ స్టాండులో పక్కపక్కన ఆగేవి.

లక్ష్మీనర్సమ్మ వారం వారం జనగామ పోయి జాగ అడిగి వచ్చేది. ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేదు కాబట్టి పోవడానికి అడ్డం లేదు. మిషన్ల గది బయట బల్ల మీద సారక్క కూర్చొని ఉండేది. ఐలేశ్ తల్లి. ఎండిన రేగుకంపలాంటి మనిషి, దవడలో ఎప్పుడూ తమాకు. మొదటిసారి చూసినప్పుడే లక్ష్మీనర్సమ్మను కింది నుంచి పైదాక కొలిచింది.

"ఏం పిల్లా, వచ్చినప్పుడల్ల తొంగి సూస్తున్నవు? మా దాంట్ల ఎవలు పోతరా అని సూస్తున్నవా?"

లక్ష్మీనర్సమ్మకు తల కొట్టేసినట్టయింది. "అయ్యో, గట్లెందుకు సూస్త సారక్కా!"

"సూడకున్నా గంతేనే. ఈడ జాగ ఖాళీ గావాల్నంటే ఎవడో ఒకడు పోవాలె. బాగై ఇంటికి వోయినోన్ని నేనైతే సూడలే. కూసో. తమాకేసుకుంటవా?"

కూర్చుంది. ఆ రోజు నుంచి పోయినప్పుడల్లా ఆ బల్ల మీదే కూర్చునేది. డాక్టర్లు కాయితం మీద రాసి ఇచ్చినవి లక్ష్మీనర్సమ్మకు అర్థం కాలేదు, సారక్క చెప్పినవి అర్థమయ్యాయి.

"నీళ్ళ కాన్నే ఉంది కత అంత," అని చెప్పింది సారక్క. "ఉచ్చ రాదు గదా, తాగిన నీళ్ళు ఏడికి వోతయి? గుండెలకెక్కుతయి. నువ్వేం జేస్తవంటే, ఒక స్టీలు గిలాసకు సగానికి జరంత కింద గోళ్ళరంగుతోని గీత పెట్టు. నేను మా కోడలి రంగు తోటి పెట్టిన. ఆ గీత దాక పొయ్యి, చేతికియ్యి. చెంబు కండ్ల ముందల ఉంచకు. చెంబును సూస్తే ఆగడు. బాగ దూపైతే నిమ్మచెక్క నాకియ్యి, తడిబట్ట పెదవులకద్దు. తిడితే తిట్టనియ్యి. నీకైతే కట్టుకున్నోడు, వాపసు తిట్టొచ్చు. నాది కన్నకొడుకాయె, నోరు మూసుకోవాలె."

లక్ష్మీనర్సమ్మ ఇంటికి వచ్చి అట్లాగే గీత పెట్టింది. ఆ గీత దాక పోయడం ఎంత అలవాటైందంటే, కొత్తగా వచ్చిన చుట్టాలకు కూడా ఒకసారి సగం గ్లాసే ఇచ్చి నవ్వులపాలైంది.

ఒకనాడు ఐలేశ్ మిషను దిగి వచ్చి బల్లకు ఆనుకొని కూర్చున్నప్పుడు, ఆమె ధైర్యం చేసి అడిగింది. "బిడ్డా, నీకు వరంగల్ దగ్గర, మాకు జనగామ దగ్గర. జాగలు మార్చుకుందామా? సార్లను అడుగుదాం."

ఐలేశ్ తల గోక్కున్నాడు. "అది రాత్రి షిఫ్టు గదా చిన్నమ్మా. మా అవ్వకు చీకటైతే కండ్లు ఆనవు. ఎట్ల వస్తది?" లక్ష్మీనర్సమ్మ మొఖం చిన్నబోవడం చూసి నవ్వాడు. "పరేషాన్ గాకు. నేను పోయినంక నా జాగ గౌడు మామకే. రాసిచ్చినట్టే అనుకో."

సారక్క వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. "నోరు మంచిగ పెట్టుకో."

ముగ్గురూ నవ్వారు. లక్ష్మీనర్సమ్మ ఇంటికి వచ్చి ఆ మాట నవ్వుతూనే మొగుడికి చెప్పింది. కాటమయ్య నవ్వలేదు.  నిన్న పూజ ఫోను పెట్టేశాక, సాయంత్రం తమ్ముడి కొడుకును పిలిచి, "పొద్దుగాల పండుతాడు చెట్టు కల్లు ఒక సీసకు దియ్యి. నీళ్ళు కలపకు," అని చెప్పాడు.

జాగ పోతుందన్న భయం ఒకటైతే, లక్ష్మీనర్సమ్మకు ఇంకో భయం ఉంది. సారక్క మొఖం ఎట్లా చూడాలి? ఆ జాగను అడిగిన నోరు తనది.

*

ఘన్‌పూర్‌లో బస్సు మారారు. ఎదురుగా జనగామ పోయే బస్సు వచ్చి ఆగింది. కాటమయ్య దాని కిటికీల వైపు చూసి, తల తిప్పుకున్నాడు. లక్ష్మీనర్సమ్మ కూడా ఆ బస్సు వైపే చూసింది. దిగి అందులో ఎక్కితే పని అయిపోతుంది. ఎక్కలేదు.

ఐలేశ్ ఇల్లు రేకుల ఇల్లు. వాకిట్లో వేపచెట్టు కింద ఆటో నిలబెట్టి ఉంది. ఆడవాళ్ళు రాళ్ళ పొయ్యి మీద కూర ఉడికిస్తున్నారు. సారక్క గడప మీద కూర్చొని ఉంది. దవడలో తమాకు లేదు. వీళ్ళను చూసి కండ్లు చిట్లించింది.

"వచ్చినవా పిల్లా," అంది. "జాగ దొరికిందా?"

వాకిట్లో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. లక్ష్మీనర్సమ్మ తల వంచుకొని సంచి సర్దుకుంది. కాటమయ్యే చెప్పాడు.

"దొరికిందక్కా. ఇయ్యాల పగటీలి నుంచే."

"మంచిగైంది," అంది సారక్క. "ఆ బెడ్డు కాడ పంక మంచిగ తిరుగుద్ది. పక్క బెడ్డుది తిరగదు."

లక్ష్మీనర్సమ్మ సంచిలోంచి సీసా తీసి ఇచ్చింది. సారక్క బిరడా తీసి వాసన చూసింది. "పండుతాడుదే. వానికి ఇదంటే పాణం. నాలుక మీద సుక్క వెయ్యనియ్యలే నేను." మళ్ళీ బిరడా పెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

అప్పుడు లక్ష్మీనర్సమ్మ ఆమె పక్కన కూలబడి ఏడ్చింది. సారక్క ఏడవలేదు. "లే, పొద్దువోతంది," అంది.

*

ఐలేశ్‌ను పూడ్చిన బొంద వాళ్ళ చెలకలోనే, మోటరు డబ్బా పక్కన. పత్తికట్టె పీకేసిన నేల. కొత్త మట్టి ఇంకా గడ్డలు గడ్డలుగా ఉంది. మోదుగాకు విస్తరి వేసి సారక్క తానే వడ్డించింది. మటన్, కోడికూర, తలకాయకూర, మిరపకాయ బజ్జీలు, కోసిన మామిడిపండు, కొట్టిన కొబ్బరిబోండం, దొప్పలో కల్లు. బతికున్నప్పుడు డాక్టర్లు ఏవేవి వద్దన్నారో అవన్నీ ఉన్నాయి. చివరికి గ్లాసులో నీళ్ళు పోసి విస్తరి పక్కన పెట్టి, చెయ్యెత్తి మొక్కి వెనక్కి వచ్చింది.

అందరూ దూరం జరిగి కూర్చున్నారు. పిట్ట ముట్టిన తర్వాతే స్నానాలు, ఆ తర్వాతే ఇంట్లో తిండి. ముట్టకముందు ఎవరూ లేచిపోగూడదు. పోతే పోయినవాడి మనసు కొట్టినట్టు.

కరెంటు తీగ మీద కాకులు వాలాయి. విస్తరి వైపు చూశాయి. ఒకటి డబ్బా మీదికి దిగింది. అక్కడే ఉండిపోయింది.

"ఐలేశా, రా బిడ్డా," అని మేనమామ పిలిచాడు. "నీకిష్టమైనయన్ని పెట్టినం. రా."

కాకి రాలేదు.

"ఇంకింత ఎనుకకు జరుగుండ్రి. మనుషులను సూసి బెదురుతది."

జరిగారు.

"బీడీలు పెట్టిండ్రేందే?" అన్నాడు ఐలేశ్‌తో ఆటోలు నడిపిన ఒక దోస్తు. "వాడు సిగరెట్ తాగేటోడు."

"ఎప్పుడు తాగిండురా?" అంది సారక్క.

"నీకు సెప్పి తాగుతడా అవ్వా?"

బండి మీద పోయి సిగరెట్ పెట్టె తెచ్చారు. ఒకటి వెలిగించి విస్తరి పక్కన గుచ్చారు. పొగ నిటారుగా లేచింది. కాకి పొగను చూసి తీగ మీదికి ఎగిరింది.

ఇక మాటలు ఇచ్చే వరస వచ్చింది. తమ్ముడు కొమురెల్లి ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు. "అన్నా, ఆటో వదినదే. నేను నడుపుత, కిరాయి వదిన చేతికిస్త. ఇందరి ముందల అంటున్న." శ్వేత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "పిల్లలను బడి మాన్పియ్య. నీ మీద ఒట్టు," అంది. కాకి కాలు మార్చి కూర్చుంది. అందరూ కాకి కాలునే చూశారు. అది మళ్ళీ మొదటి కాలు మీదికి వచ్చింది.

వార్డు మెంబరు లేచాడు. తెల్ల అంగీ. "ఐలేశా, నీ డయాలసిస్ ఫించను బందైతదని ఫికరు పెట్టుకోకు. శ్వేతకు ఒంటరి ఆడోళ్ళ... గదే, వితంతు ఫించను నేను దగ్గరుండి రాయిస్త. మండలాఫీసుకు నేనే వోత."

వెనక నుంచి ఎవరో అన్నారు. "మా బాపు బొంద కాడ సుత గిదే మాటిచ్చినవు. మా అవ్వది ఇంకా రాకపాయె."

"ఇది మాట్లాడే జాగనారా?"

"అందుకే అంటున్న. పిట్టకు సుత నమ్మకం లేదు."

నవ్వు వచ్చినవాళ్ళు నేల చూశారు. మెంబరు కూర్చున్నాడు.

లక్ష్మీనర్సమ్మ పైకి చూసింది. మబ్బు పొద్దున ఉన్నట్టే ఉంది. ఎంత పొద్దు పోయిందో తెలియలేదు, కానీ పోయింది. ఇక్కడి నుంచి రోడ్డుకు, రోడ్డు నుంచి ఘన్‌పూర్‌కు, ఘన్‌పూర్ నుంచి జనగామకు. కాటమయ్య గట్టు మీద గొంతుక్కూర్చొని ఉన్నాడు, ఎడమచెయ్యి ఒళ్ళో. కండ్ల కింద ఉబ్బు దిగలేదు. మాట్లాడకపోయినా ఊపిరి చప్పుడు వినబడుతోంది. శుక్రవారం పోలేదు, ఇవాళ కూడా మిషను ఎక్కకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. లేచి పోదామని అనలేదు. ఈ చెలకలో అందరికన్నా ఆ మాట అనకూడనిది తనే.

"వానికి ఎవలి మీదనో కోపముంది," అన్నాడు ఒక ముసలాయన. "గీడున్నోళ్ళ మీదనే. అందుకే రాడు."

లక్ష్మీనర్సమ్మ నా మీదనే అనుకుంది. బతికున్న మనిషిని పట్టుకొని జాగ ఇస్తావా అని అడిగితే మనసులో పెట్టుకోడా? తల ఎత్తితే ఎవరైనా తన వైపు చూస్తారేమోనని విస్తరి వైపే చూస్తూ కూర్చుంది.

అట్లా చూస్తూ ఉంటే గ్లాసు కనబడింది.

స్టీలు గ్లాసు. సగానికి జరంత కింద ఎర్రటి గీత. ఇంత దూరం నుంచి నీళ్ళు కనబడవు. కానీ ఎంత పోసి ఉంటుందో ఆమెకు చూడనక్కర్లేదు. పొద్దున తాను కూడా అంతే పోసి వచ్చింది.

మటన్ చూశారు, కల్లు చూశారు, సిగరెట్ చూశారు. నీళ్ళను ఎవరూ చూడలేదు.

ఆమె వెంటనే లేవలేదు. కొడుక్కి పోయినంక కూడా నీళ్ళు కొలిచి పోశావని తల్లికి ఎట్లా చెప్పడం? అదీ తన నోటితో? కాటమయ్య ఒకసారి దగ్గాడు. ఆమె లేచి, వంగుకుంటూ పోయి సారక్క పక్కన కూర్చుంది.

"సారక్కా. గిలాస," అంది మెల్లగా.

"ఏం గిలాస?"

"గీత దాకనే పోసినవు."

సారక్క తిరిగి చూడలేదు. బొంద వైపే చూస్తోంది.   

"అలవాటు పిల్లా."

మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. చేతులు కడుక్కోవడానికి తెచ్చిన బిందె శ్వేత దగ్గర ఉంది. దాన్ని చంకకెత్తుకుంది. "ఏమైందే, ఏడికే?" అని మేనమామ అన్నాడు.  బొంద దగ్గర వంగి గ్లాసులో పోసింది. గీత దాటింది, అంచు దాటింది, విస్తరి మీద పారింది. ఆగలేదు. మట్టిగడ్డలు తడిసి కరిగేదాక పోసింది.

"తాగు బిడ్డా. తాగు," అంది. "ఇగ ఎవ్వలేమనరు."

సగం నీళ్ళున్న బిందెను అక్కడే దించి, ఎవరి వైపూ చూడకుండా వచ్చి కూర్చుంది.

కాకి దిగింది. నిండిన గ్లాసు పక్కన వాలి, ఇటు అటు చూసి, ముక్కు లోపల ముంచింది. తల పైకెత్తి మింగింది. మళ్ళీ ముంచింది. చాలాసేపు తాగింది. తర్వాత విస్తరి మీదికి దూకి మటన్ ముక్క ఒకటి లాగింది. అది చూసి మిగతావి కూడా వచ్చాయి.

"ముట్టింది," అన్నారు ఎవరో.

ఆటో మాటకే వచ్చాడని మేనమామ కొమురెల్లి భుజం తట్టాడు. ఫించను మాటకని మెంబరు అనుకున్నాడు. సిగరెట్ వాసన ఆలస్యంగా తగిలిందన్నాడు దోస్తు. ఉక్కకు కాకికి దూపై ఉంటుందని ఒకరు అన్నారు. సారక్క ఏమీ అనలేదు. లక్ష్మీనర్సమ్మ కూడా ఏమీ అనలేదు.

*

బోరు దగ్గర స్నానాలు చేసి ఇల్లు చేరేసరికి రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది. వినబడి, పోయింది. లక్ష్మీనర్సమ్మ కాటమయ్య వైపు చూసింది. ఆయన తడిసిన తువాల పిండుతున్నాడు, ఒక్క చేత్తో.

"పోయింది గదా బస్సు," అంది.

సారక్క విన్నది. "మెతుకు ముట్టకుంట పోవద్దు," అంది. "కొమురెల్లీ, తిన్నంక వీళ్ళను జనగామల దింపి రా. దవాఖాన గేటు దాటి లోపల దాక తీసుకపో. కాళ్ళీడ్చుకుంట నడవనియ్యకు."

"నాకు తెలువదా అవ్వా," అన్నాడు కొమురెల్లి. పోయి ఆటోను వేపచెట్టు కింది నుంచి తీసి, మొఖం రోడ్డు దిక్కు పెట్టి నిలబెట్టాడు.

పూజ ఫోను చేసింది. "ఏడున్నరు చిన్నమ్మా? ఎనకటోళ్ళు వచ్చి కూసున్నరు."

"ఐలేశ్ ఇంటికాడ ఉన్నం బిడ్డా. ఇప్పుడే పిట్ట ముట్టింది. ఆటోల వస్తున్నం."

పూజ మళ్ళీ అడిగింది. "ఐలేశన్న ఆటోలనా?"

"ఆ."

"సరే. జాగ ఎవలకియ్య. జల్ది రాండ్రి."

వాకిట్లో బంతి వేశారు. అందరూ కూర్చున్నారు. కాటమయ్య చివర కూర్చున్నాడు, పక్కన లక్ష్మీనర్సమ్మ. శ్వేత అన్నం పెట్టింది. సారక్క చెంబు పట్టుకొని నీళ్ళు పోస్తూ వచ్చింది. మేనమామ గ్లాసు నిండింది, మెంబరు గ్లాసు నిండింది, కొమురెల్లి గ్లాసు నిండింది. కాటమయ్య గ్లాసు దగ్గర ఆమె చెయ్యి సగానికి జరంత కింద ఆగింది. ఎవరూ చెప్పలేదు. ఆ గ్లాసుకు గీత కూడా లేదు.

కాటమయ్య గ్లాసు వైపు చూశాడు. దాన్ని విస్తరికి కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

సారక్క చెంబు పక్కన పెట్టి, లక్ష్మీనర్సమ్మ పక్కన ఒక విస్తరి వేసుకొని కూర్చుంది. అన్నం కలిపింది. లక్ష్మీనర్సమ్మ కూడా కలిపింది. మబ్బు అట్లాగే ఉంది, వేపచెట్టు కదల్లేదు. అందరూ తల వంచుకొని తిన్నారు. కాటమయ్య అన్నం అయ్యేదాక నీళ్ళు ముట్టలేదు.